తిక్క, పిచ్చి కాదు

మా ఎమ్మిగనూరు ఇంట్లో తిక్క లేనిది ఏదీ లేదు. మగ్గం మీద ఊరికూరికే తెగితే తిక్క దారం. పాలు పితకనియ్యకుండా తన్నితే తిక్క బర్రె. ఎండ కాస్తాండగానే పడితే తిక్క వాన. అమ్మ లేని మమ్మల్ని సాకిన అవ్వ, నన్ను "తిక్కదానా" అని పిలిచిందంటే అన్నానికి రమ్మని. పిచ్చి అనే మాట మాత్రం మా నోట వచ్చేది కాదు. తిక్కదాన్ని తిట్టుకుంటా ఇంట్లో పెట్టుకుంటారు. పిచ్చిదాన్ని పుట్టింట్లో వదిలేసి పోతారు.

మా అక్కను ఆదోనికి ఇచ్చినారు. బావది పత్తి జిన్నులో పని. అక్క కాన్పుకు మా ఇంటికి వచ్చింది, బిడ్డ దక్కలే. ఆ పొద్దు నుంచి ఆమె ఒకచోట కూర్చున్నది లేదు. మగ్గం కండెలు చుడతా లేచేది, అన్నం తింటా లేచేది, ఆదోని దావ పట్టి పోయేది. నేను వెనకాల ఉరికి పట్టుకొచ్చేదాన్ని.

"యాడికే?" అంటే, "ఏమో, కాళ్లు నిలవవు" అనేది.

ఆ సంగతి ఆదోనికి చేరింది. బావ, వాళ్లమ్మ బస్సెక్కి వచ్చినారు. అవ్వ బొరుగుల ఉగ్గాని చేసి, బజ్జీలేసి, విస్తర్లు పరిచి, అక్కను కూడా కూర్చోబెట్టింది. "దాని కొంగు పట్టుకో, వదలొద్దు" అని నా చెవిలో చెప్పింది.

అక్క అత్త బజ్జీ తుంచుతా అడిగింది. "ఏం పెద్దమ్మా, మీ పిల్లకు పిచ్చి అంటాండారే?"

"పిచ్చి యాడిదమ్మా, తిక్క. మా వంశమంతా అంతే. నన్ను చూడు, ఉగ్గానిలో ఉప్పేసినానో లేదో ఎరుక లేదు."

ఎవరూ నవ్వలే. అంతలో అక్క లేచింది. కొంగు నా చేతిలోంచి జారిపోయింది. విస్తరి సగంలో వదిలి, ఎంగిలి చేత్తోనే గడప దాటింది. మా పక్క అట్ల లేస్తే అన్నాన్ని తన్నినట్లే. అత్త తన కొడుకు దిక్కు చూసింది.

బావ కూడా లేచినాడు. చెయ్యి కడగలే, చెప్పులేసుకోలే.

మేము వాకిట్లోకి ఉరికి చూస్తే, ఎండలో ఇద్దరూ పోతాండారు. ఆయన ఆమెను ఆపలే. ఎంగిలి చెయ్యి పైపంచెకు తగలకుండా ఎడంగా పట్టుకొని, పక్కన నడుస్తాండాడు.

"రేయ్! అన్నం కాడ నుంచి లేస్తావురా, తిక్కనాయాలా!" అని అత్త అరిచింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి చేతులు ఎండిపోయినాయి. అత్తే చెంబెత్తి కోడలి చేతుల మీద నీళ్లు పోసింది.

"కడుక్కో, తిక్కదానా. బస్సుకు పొద్దయితాంది."

అవ్వ గబగబా లోపలికి పోయి అక్క చీరలు మూట కట్టింది.

సాగనంపను పోయి చూస్తే, బస్సులో కూడా అక్క కూర్చోలే. కమ్మీ పట్టుకొని నిలబడింది. బావ సీటు వదిలి పక్కన నిలబడినాడు.