వదిన నన్ను రికామా అన్నది

మా వదిన పోయింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, పిండి గిర్ని గోడకు ఒరిగి కూర్చుందట. ఎప్పుడూ అట్లనే కూర్చుంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పిండి పట్టించుకోవడానికి వచ్చినామె పిలిస్తే పలకలేదు. మా అన్న కొడుకు వచ్చి చెప్పినప్పుడు నేను గడ్డం గీసుకుంటున్నాను. సగం గడ్డంతోనే పోయాను. ఆమె పోయింది గానీ ఆమె మీద నా కోపం పోలేదు. ఇన్నేళ్లు దాచుకున్న కోపం ఒక్కరోజులో ఎట్లా పోతుంది? నలుగురి ముందు, అందులోనూ మరాఠీ వాళ్ల ముందు, ఆమె నన్ను రికామా అన్నది.

చంద్రపూర్‌లో తెలుగు మాట్లాడేవాళ్లకు ఈ మాట సంగతి చెప్పనక్కరలేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. మన తెలుగులో రికాం అంటే తీరిక. రికాం లేదంటే చేతినిండా పని ఉందని. మరాఠీలో రికామా అంటే ఖాళీ. మనిషిని అంటే పనీపాటా లేనివాడని. ఒకటే మాట, మన ఇంట్లో మర్యాద, వీధిలోకి పోతే తిట్టు. ఇక్కడ పుట్టినవాడు ఎక్కడ ఎట్లా అనాలో చూసుకుని అంటాడు. మా వదిన రాజురా అవతలి పల్లె నుంచి కోడలిగా వచ్చింది. ఆమెకు ఆ తేడా తెలియదని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

అప్పట్లో నేను బల్లార్షా దగ్గర ఒక కోత మిల్లులో కట్టె చూసి ఏ రకమో వేరు చేసే పనిలో ఉండేవాణ్ణి. మిల్లు మూతపడింది. మొదట అందరూ పాపం అన్నారు. ఆ తర్వాత పిలవడం మానేశారు. పెళ్లికి పిలిస్తే కట్నం చదివించాల్సి వస్తుంది, పని లేని మనిషిని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని మా వాళ్లే పత్రిక ఇవ్వకుండా ఇల్లు దాటిపోయారు. నా మంచికే చేశారట. నాకూ పౌరుషం ఉంది. మీరు పిలవకపోతే నేనూ రాను అని తలుపు మూసుకుని కూర్చున్నాను. పని వెతకడం అంటే పేపరు తెప్పించి మా పెద్దబిడ్డతో చదివించుకోవడం, అంతే.

మా అన్న అప్పటికే పోయాడు. పిండి గిర్ని వదినే నడుపుతోంది. ఒకరోజు మా ఇంటికి వచ్చింది. తలుపు తట్టలేదు, తోసింది.

“ఏంది మర్దీ, కొత్త కోడలి లెక్క లోపల కూసున్నవ్?”

“పని లేదు వదినా.”

“గది నాకు ఎరుకే. లేచి రా. గిర్ని కాడ జొన్నలు పేరుకున్నయ్.”

“జీతం ఏమిస్తవ్?”

“ఏమియ్య. జీతమిస్తే నువ్వు నా నౌకరోడివైతవ్. నౌకరి ఉన్నోణ్ని నౌకరికి ఎవడు పిలుస్తడు?”

 ఆమె వెంట పోయాను. అక్కడ ఆడవాళ్లు సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు, సగం మంది మరాఠీ వాళ్లు. మా వదిన గిర్ని చప్పుడును మించి గొంతెత్తింది. “హమారా దేవర్ రికామా హై. ఆటా ఘర్ తక్ లాకే దేగా.” మా మరిది పనీపాటా లేనోడు, పిండి మీ ఇంటిదాకా తెచ్చిస్తాడు అని వాళ్లకు అర్థమైంది. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. వెనక్కి తిరిగి పోదామంటే అప్పటికే నా నెత్తిన పిండి డబ్బా పెట్టేసింది. వేడి వేడి పిండి. చెవులకు తోడు నెత్తి కూడా కాలింది.

ఆమె పద్ధతి ఒకటి ఉండేది. జనం గింజలు తమ సంచుల్లో తెస్తారు. పిండిని ఆమె సంచిలో పంపదు. గిర్నిలో ఉన్న రేకు డబ్బాలో పోసి పంపుతుంది. ఆ డబ్బా మళ్లీ గిర్నికి రావాలి. సంచిలోనే పోస్తే నాకు తేలిక కదా అని అడిగాను.

“సంచి అయితే గుమ్మంల పడేసి వస్తవ్. డబ్బ అయితే గామె పిండి తీసుకోని ఖాళీ డబ్బ ఇచ్చేదాంక నిలబడాలె.”

“నిలబడి ఏం జెయ్యాలె?”

“ఏం జెయ్యకు. వాళ్లే అడుగుతరు.”

మొదట్లో గుమ్మంలో నిలబడి నా కాలివేళ్లు చూసుకునేవాణ్ణి. లోపల డబ్బాను తట్టి పిండి దులిపే చప్పుడు వినిపించేది. ఆ కాసేపట్లో ఇంటాయనో, ముసలామో బయటికి వచ్చి, నువ్వెవరు, ఎవరి తాలూకు, ఇంతకుముందు ఏం చేసేవాడివి అని అడిగేవాళ్లు. చెప్పక తప్పేది కాదు. చెప్పగా చెప్పగా నోరు తిరిగింది. పని పోయిందని చెప్పడం పన్ను నొప్పిగా ఉందని చెప్పినంత తేలికైంది. పన్ను నొప్పి అంటే ఎవరైనా ఫలానా డాక్టరు దగ్గరికి పో అంటారు కదా. ఇదీ అట్లాగే.

ఒక ఇంటికి కొత్త తలుపు పెట్టించారు. ఇంటాయన దాన్ని నిమురుతూ నిలబడ్డాడు.

“టేకు,” అన్నాడు.

“మద్ది,” అన్నాను.

“టేకు ధర పెట్టిన.”

“ధర టేకుదే. కట్టె మద్దిది.”

లోపలి నుంచి ఆయన భార్య పకపకా నవ్వింది. ఆయన నన్ను పొమ్మన్నాడు, డబ్బా కూడా ఇవ్వలేదు. వట్టి చేతులతో తిరిగొచ్చి, నీ గిరాకీ ఒకటి పోగొట్టినా అని వదినకు చెప్పాను. ఆమె చాయ్ పోసింది. “తిట్టిండా? మంచిదే. పాపం అన్నోడు మర్చిపోతడు. తిట్టినోడు యాది పెట్టుకుంటడు,” అన్నది.

మర్నాడు ఆయనే డబ్బా పట్టుకుని గిర్నికి వచ్చాడు. మూల్ రోడ్డులో ఆయన బావమరిదికి మంచాలు, కుర్చీలు చేసే కార్ఖానా ఉంది. కట్టె కొనేటప్పుడు మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కావాలట. ఒళ్లు సహకరించినన్ని రోజులూ నేను అక్కడే పని చేశాను. పని దొరికిందని చెప్పడానికి పోతే మా వదిన ముఖం చిట్లించింది. “ఇగ నా డబ్బలెవరు మోస్తరు?” అన్నది. ఆమె సంతోషపడడం అంటే అదే.

ఆ తర్వాత వీధిలో ఎవరి పని పోయినా ఆమెకే ముందు తెలిసేది. మర్నాడు పోయి తలుపు తోసేది. ఒక దర్జీ మోశాడు, ఒక లారీ డ్రైవరు మోశాడు, చిన్న బడి మూతపడితే టీచరమ్మ కూడా మోసింది. ఎవరికీ జీతం లేదు, చాయ్ ఒక్కటే. స్నానం చేయకుండా వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే తిప్పి పంపేది. “నౌకరి పోయింది, నల్లా నీళ్లు పోలె గద. పో, తానం జేసి రా.” ఎవరైనా దిగులు ముఖం పెడితే ఊరుకునేది కాదు. “మొదాలు పాపం అంటరు. తర్వాత ఏం జేస్తున్నవ్ అంటరు. ఆ తర్వాత గాడ ఒక జాగ ఖాళీ ఉన్నదంటరు. పాపం అన్ననాడే లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంటే, జాగ ఉన్నదని ఎవరికి చెప్తరు, నీ తలుపుకా?”

నేను మాత్రం ప్రతి పండగకూ భోజనం దగ్గర ఒకటే అడిగేవాణ్ణి. “వదినా, ఆనాడు ఆ మాట తెలిసి అన్నవా, తెల్వక అన్నవా?”

“గిర్ని నడుస్తుంది మర్దీ, ఇనవడ్తలేదు,” అనేది. గిర్ని ఆగి ఉన్నప్పుడు కూడా అదే అనేది.

ఈ ఎండాకాలం మా చిన్నల్లుడి వంతు వచ్చింది. మాజ్రి వైపు ఒక గనిలో కాంట్రాక్టరు కింద డంపరు నడిపేవాడు. కాంట్రాక్టు అయిపోయింది, పని అయిపోయింది. మా ఇంట్లోనే ముందు గదిలో ఉంటున్నారు అతనూ మా బిడ్డా. పొద్దంతా గోడవైపు తిరిగి ఫోను చూస్తూ కూర్చునేవాడు. నేను పిలవలేదు. మా వదినే వచ్చి తలుపు తోసింది.

“అల్లుడూ, ఏం జేస్తున్నవ్?”

“నౌకరికి అర్జీలు పెడ్తున్న అత్తమ్మా. ఇప్పుడు అన్నీ ఫోన్లనే.”

“పెట్టు, వద్దంటలేను. రాత్రి పెట్టు. ఫోన్ల నువ్వొక్కనివే ఉంటవ్. గుమ్మంల ఇద్దరుంటరు.”

అతను నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. పోక తప్పలేదు.

ఆ రోజు నేనూ వెంట పోయాను, ఏమంటుందో విందామని. కూరగాయలమ్మే మరాఠీ ఆమె గోధుమలు తెచ్చి, అల్లుణ్ణి చూసి నవ్వింది. “కాయ్ మావ్‌శీ, జావయీ రికామా ఝాలా కా?” అంటే, ఏం పిన్నీ, అల్లుడు పనిలేనోడయ్యాడా అని.

మా వదిన తల తిప్పకుండానే జవాబిచ్చింది. “రికామా మ్హణజే బేకార్ నాహీ గ. మోకళా.” రికామా అంటే పనికిరానివాడు కాదే, తీరిక ఉన్నవాడు. శుద్ధమైన మరాఠీ, ఒక్క అక్షరం తొట్రుపడలేదు. ఆ నవ్వినామె నవ్వు ఆపి, అట్లయితే మా అన్నను అడుగుతాను, ఆయన బళ్లు విసాపూర్ వైపు తిరుగుతాయి అన్నది.

నేను అక్కడే నిలబడిపోయాను. అంటే ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు.

“తెలిసే అన్నవన్నమాట,” అన్నాను.

గిర్ని ఆగే ఉంది. ఇనవడ్తలేదు అనడానికి వీల్లేదు. “తాకాలనే అన్న మర్దీ,” అన్నది. “నీకు పాపం అంటే ఇంకింత లోపలికి పోతుంటివి. తిడితే బయటికొస్తవ్. నీ సంగతి నాకెరుక లేదా?”

ఆమె చెప్పింది నిజమని నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు కూడా నలుగురి ముందు అనడం తప్పే అంటాను. అయితే ఇన్నేళ్ల నా కూడు ఆ తప్పులోంచే వచ్చింది. అది కూడా రాయకపోతే అబద్ధమవుతుంది.

అల్లుడు రోజూ గిర్నికి పోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, ఫలానా ఇంట్లో ఇట్లన్నారు, ఫలానా ముసలాయన అట్లన్నాడు అని మా బిడ్డతో చెప్పి నవ్వేవాడు. గోడవైపు కూర్చోవడం మానేశాడు. పని ఇంకా రాలేదు, రెండుచోట్ల పేరు మాత్రం చేరింది. అంతలో వదిన పోయింది.

డబ్బాలు మోసినవాళ్లే పాడె మోశారు. దర్జీ దుకాణం మూసి వచ్చాడు, లారీ డ్రైవరు ఎక్కడినుంచో బండి తిప్పుకుని వచ్చాడు. టీచరమ్మ ఇప్పుడు పెద్ద బళ్లో ఉంది, పిల్లలకు సెలవు చెప్పి వచ్చింది. దినాలు అయ్యాక మా అన్న కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. అతను మంచివాడు, కరెంటు డ్యూటీలో తీరిక లేనివాడు.

“కాకా, గిరాకీ లేదు. అందరు పాకీటు పిండి కొంటుండ్రు. అమ్మ ఉన్నదని వచ్చేటోళ్లు. సోమవారం మిషను విప్పిస్త.”

“ఆ లోపల గిరాకీ వస్తదని తేలితే ఆగుతవా?”

“ఆగుత. గాని నడిపేదెవరు?”

“నేను నడుపుత. నాకు రికాం ఉన్నది,” అన్నాను. గిర్ని రాళ్లకు గాట్లు కొట్టించాను, మిషను తిప్పే పట్టా మార్పించాను, మా ఇంటి జొన్నలు పోసి చూశాను. పిండి మెత్తగా పడుతోంది. నా చేతులు ఇంకా బాగానే ఉన్నాయి.

ఇది చదువుతున్న మన వీధివాళ్లూ, ఇక మిమ్మల్ని అడుగుతున్నాను. వదిన గురించి నలుగురూ నాలుగు మంచి మాటలు అన్నారు, సంతోషం. మీ ఇంటి గోధుమలు, జొన్నలు గిర్నికి వస్తాయా రావా? మీ గుమ్మంలో డబ్బాతో నిలబడిన మనిషిని, నువ్వేం చేసేవాడివి అని అడుగుతారా అడగరా? పని పోయి లోపల కూర్చున్నవాళ్లు మీలో ఎందరున్నారో నాకు తెలుసు, వాళ్లు బయటికి వస్తారా రారా? చూద్దాం అనేది జవాబు కాదు. ఫోను చేయకండి, నడిచి మా ఇంటికి రండి. వస్తారనే నా నమ్మకం, లేకపోతే పట్టా మార్పించేవాణ్ణి కాదు.

వదిన పోయి గిర్ని మూతపడ్డప్పటి నుంచి మా అల్లుడు మళ్లీ ముందు గదిలోనే ఉంటున్నాడు. అయితే కుర్చీని తలుపుకు ఎదురుగా తిప్పుకున్నాడు. వీధిలో చెప్పుల చప్పుడు వినిపిస్తే తల ఎత్తుతాడు, అది మా గడప దాటిపోయేదాకా దించడు. ఆ చెప్పులు మా గడప దగ్గర ఆగుతాయో ఆగవో ఆదివారం పొద్దు గూకేలోపల నాకు తెలియాలి.