ఆరు హద్దుల ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. దుబాయ్‌లో ఫ్లాట్ కొంటూ, కన్నతండ్రిని వెంటబెట్టుకుని లాయర్ల చుట్టూ తిరిగి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. అని ఉంటే నేను ముందే జాగ్రత్తపడేదాన్ని.

అప్పటికి మేము షార్జా అల్ నహ్దాలో అద్దెకుంటూ తొమ్మిదేళ్ళు. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయనది కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. తొమ్మిదేళ్ళలో మూడిళ్ళు మారాం గానీ ఒక్క గోడకూ ఒక్క మేకు కొట్టలేదు. గోడకు చిల్లు పెట్టకూడదని అగ్రిమెంటులో ఉంటుంది, సుత్తి చప్పుడైతే చాలు వాచ్‌మన్ పైకొచ్చేస్తాడు. అందువల్ల చనిపోయిన మా అమ్మ ఫోటో తొమ్మిదేళ్ళూ ఫ్రిజ్ మీదే నిలబడింది. ఫ్రిజ్ తలుపు కాస్త గట్టిగా వేస్తే చాలు, అమ్మ ఎవరో పిలిచినట్టు ముందుకు వంగేది. రెండుసార్లు కిందపడింది, రెండుసార్లూ అద్దం మార్పించాం. సొంతిల్లు ఎందుకని ఎవరైనా అడిగితే పిల్లల చదువులనీ, అద్దెలు పెరుగుతున్నాయనీ చెప్పేదాన్ని. నిజం మాత్రం అమ్మను గోడకెక్కించాలని.

కరోనా సర్దుమణిగి, మాస్కులు గడ్డాల కిందికి దిగిన రోజుల్లో దుబాయ్ పొలిమేరలో ఒక ఫ్లాట్ దొరికింది. నాలుగో అంతస్తు, రెండు పడకగదులు. ఏజెంటు చూపించిన రోజే నేనొక గోడ చూసుకున్నాను. తలుపు తీయగానే ఎదురుగా, శుభ్రంగా, నాలాగే ఒక్క మేకు కూడా ఎరగని గోడ. అమ్మేవాళ్ళు ఉద్యోగం వదులుకుని స్వదేశం వెళ్ళిపోతున్నారు. పద్నాలుగు రోజుల్లో రిజిస్ట్రేషన్‌కి రాకపోతే వెనకాల ఇంకొకరు కాచుకుని ఉన్నారని ఏజెంటు నవ్వుతూనే చెప్పాడు.

ఇక్కడ లాయరు తప్పనిసరేమీ కాదట, అంతా ఏజెంటే చూసుకుంటాడట అని మా ఆయన అన్నాడు. సోఫాలో కూర్చున్న నాన్న టీ గ్లాసు పక్కన పెట్టాడు. నాన్న విజిట్ వీసా మీద వచ్చి అప్పటికి నెల. అంతకుముందు నలభై ఏళ్ళు తణుకులో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజులు రాశాడు. ఊళ్ళో సగం పొలాలు ఆయన చేతిరాతలోనే చేతులు మారాయి.

"మీ ఆసుపత్రిలో డాక్టరు లేకుండా ఆపరేషన్ చేసేత్తారేంటమ్మా?" అని అడిగాడు.

చెయ్యరు అన్నాను. అలా నేనే నోటితో ఒప్పుకుని ఇరుక్కుపోయాను. ఆ క్షణం నుంచి లాయర్ని ఎంచే పని నాన్న చేతికి వెళ్ళిపోయింది.

ఆయన దగ్గర మూడు పరీక్షలు ఉన్నాయి. ఒకటి, ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే ముప్పయ్యేళ్ళ లింకు డాక్యుమెంట్లు తెప్పించగలగాలి. రెండు, చేతిరాత చూడాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: స్థలం దగ్గరికి తనతోపాటు వచ్చి హద్దులు తొక్కాలి. తణుకులో ఎంత పెద్ద ఆసామి అయినా సరే, నాలుగు మూలలూ కాళ్ళతో తొక్కి చూడనిదే నాన్న కలం మూత తీసేవాడు కాదట. ఇది నాలుగో అంతస్తు నాన్నా అన్నాను. నాలుగో అంతస్తుకి నాలుగు మూలలుండవా అన్నాడు.

మొదటి లాయరు షేక్ జాయెద్ రోడ్డు మీద అద్దాల మేడలో ఉంటాడు. నాన్న తెల్లచొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు, చేతిలో కొలిచే టేపు ఉన్న గుడ్డ సంచితో వచ్చాడు. సూటు వేసుకున్న లాయరు చిన్న చిన్న కప్పుల్లో కాఫీ ఇప్పించి, గోడ మీది పెద్ద టీవీలో బొమ్మలు చూపించాడు. నాన్న లింకు డాక్యుమెంట్లు అడిగాడు, మా ఆయన ఇంగ్లీషులోకి మార్చాడు. ముప్పయ్యేళ్ళ కిందట అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదని లాయరు మర్యాదగానే చెప్పాడు.

"ఇసకైనా ఎవరిదో ఒకరిది అవ్వాలి కదండి," అన్నాడు నాన్న. ఆ ముక్క మా ఆయన ఇంగ్లీషులోకి మార్చలేదు.

హద్దులు తొక్కడం తమ ప్యాకేజీలో లేదట. పోనీ చేత్తో ఒక్క లైను రాసి చూపించమని నాన్న సైగ చేశాడు. పాపం ఆయన సూటు జేబులన్నీ తడుముకున్నాడు, సొరుగులు లాగాడు, బయట కూర్చున్న అమ్మాయిని కేకేశాడు. ఆ అంతస్తు మొత్తం మీద ఒక్క పెన్ను దొరకలేదు. చివరికి నాన్నే తన జేబులోది ఇచ్చాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. లిఫ్టులో దిగుతున్నంతసేపూ పెన్ను లేని లాయరని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆ అపాయింటుమెంటు దొరికి, ఈ పని తెమిలేసరికి నాలుగు రోజులు అయిపోయాయి.

రెండో లాయర్ని మా ఆయన ఆఫీసు ముదీర్ చెప్పాడు. ముదీర్ అంటే మేనేజరు, ఆయన చెప్పాక కాదనడం కష్టం. ఈ లాయరు ఎవరికీ కనపడడు, అంతా వాట్సాప్‌లోనే. కారు నడుపుతూ వాయిస్ మెసేజీలు పెడతాడు, ఆయన మాటలకన్నా ఇండికేటరు టిక్కుటిక్కుమనడమే బాగా వినిపిస్తుంది. లింకు డాక్యుమెంట్ల గురించి అడిగితే బొటనవేలు బొమ్మ పంపాడు. హద్దుల గురించి అడిగితే మ్యాపులో లొకేషన్ పంపాడు. నాన్న కళ్ళజోడు సర్దుకుని ఫోను దగ్గరికి, దూరానికి పెట్టి చూశాడు.

"హద్దులడిగితే చుక్కెట్టాడేంటండీ," అని అల్లుడిని అడిగాడు. అలా తొమ్మిదో రోజు గడిచింది.

ఆ సాయంత్రం నేను పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చాను. ఏజెంటు నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నాన్న డైనింగ్ టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, మూడో లాయర్ని అడగాల్సిన ప్రశ్నలు వరుస నంబర్లేసి రాసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నోరు జారాను.

"నీ దస్తావేజుల కాలం అయిపోయింది నాన్నా. నీ చాదస్తం వల్ల నా ఇల్లు పోతుంది."

నాన్న పెన్ను మూత పెట్టాడు. ఫ్రిజ్ అంచుకు జరిగిన అమ్మ ఫోటోను వెనక్కి నెట్టి, చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు. సూది మందు ఇచ్చేటప్పుడు కూడా నేను ముందు దూదితో రుద్ది, నొప్పి ఉండదులెండి అని చెప్పి గుచ్చుతాను. మా నాన్నకు ఆ పాటి దయ కూడా చూపించలేదని అన్నం తింటుంటే ఏడుపొచ్చింది.

మర్నాడంతా నాన్న ఇంట్లో లేడు. ఎక్కడికి పోయాడా అని చూస్తే మా బిల్డింగు కిందనే ఉన్న టైపింగ్ సెంటర్లో తేలాడు. వీసాలకూ లైసెన్సులకూ అరబ్బీలో ఫారాలు నింపిపెట్టే కొట్టు అది. వరుసగా బల్లలు, కాగితాల కట్టలు, ముద్రలు, చంకలో ఫైళ్ళతో కంగారుపడుతున్న జనం. ఆ బెంచీ మీద నాన్న తణుకులో కూర్చున్నంత హాయిగా కూర్చుని ఉన్నాడు. అరబ్బీ రాదు, హిందీ అంతంత మాత్రం, అయినా వచ్చినవాళ్ళ కాగితాలు వరుసలో పెట్టి పిన్ను కొట్టి ఇస్తున్నాడు. టైపిస్టు ఆయనకు కరక్ టీ తెప్పించాడు. చిక్కుల్లో పడ్డవాళ్ళని తాము ఎవరి దగ్గరికి పంపుతారో కూడా చెప్పాడు. రోడ్డు దాటితే దుబాయ్ వైపు అల్ నహ్దా, అక్కడ ఒక కెఫెటీరియా పైన ఉంటుందట ఆ లాయరమ్మ.

ఆవిడది హైదరాబాదు. గది మా బాత్రూమంత ఉంది, కుర్చీల మీద కూడా ఫైళ్ళే కాబట్టి మేం నిలబడే మాట్లాడాం. నాన్న ముందుగా ఆవిడ చూపుడువేలు చూశాడు. దాని మీద సిరా మరక ఉంది. నాన్న మొహం విప్పారింది. ముప్పయ్యేళ్ళ లింకుల సంగతి అడిగితే ఆవిడ నవ్వలేదు. బిల్డరు స్థలం కొన్నప్పటి నుంచి కాగితాలున్నాయనీ, అంతకుముందుది ప్రభుత్వానిదనీ, ఆ రుజువు కూడా తెప్పిస్తాననీ చెప్పి పుస్తకంలో రాసుకుంది. చేతిరాత పరీక్ష అక్కడికక్కడే అయిపోయింది. ఇక మూడో ప్రశ్న అడగడానికి నాన్న నా వైపు భయంభయంగా చూశాడు. నేను తల దించుకున్నాను.

"హద్దులా?" అంది ఆవిడ బురఖా సర్దుకుంటూ. "చూడకుండ ఎట్ల సార్? యల్లా, పోదాం పాండ్రి."

ఇంకా మూడు రోజులే మిగిలి ఉన్నాయి. ఏజెంటు తాళంచెవులతో విసుక్కుంటూ వచ్చాడు. నాలుగో అంతస్తులో తలుపులన్నిటికీ కొత్తగా రంగులేస్తూ నంబరు పలకలు పీకేశారు, అన్నీ ఒకేలా ఉన్నాయి. మేము ఇల్లు చూసిన రోజూ అలాగే ఉన్నాయి, మాకది పట్టలేదు. దిక్కులు చూద్దామంటే నా ఫోనులో దిక్సూచి లిఫ్టు పక్కన గిరగిరా తిరిగింది. లాయరమ్మ దాన్ని పక్కన పెట్టమని, కిబ్లా ఇటుందని చెయ్యి చాపింది. రోజుకు ఐదుసార్లు నమాజుకు తిరిగే దిక్కు, తనకు తప్పేది లేదంది. నాన్న ఆ చెయ్యి వెంట చూసి, కాస్త దక్షిణానికి వాలిన పడమరన్నమాట అని ఒప్పుకున్నాడు.

హద్దురాళ్ళు లేవు కాబట్టి చెప్పులు పెట్టాలన్నాడు. తన చెప్పులు రెండు, నావి ఒకటి, లాయరమ్మది ఒకటి. ఒంటి చెప్పుతో ఆవిడా, ఒంటి చెప్పుతో నేనూ, వట్టి కాళ్ళతో నాన్నా ఆ కారిడార్‌లో లిఫ్టు నుంచి తలుపులు లెక్కపెడుతూ నడిచాం. బయటికి వచ్చిన ఒక ఈజిప్టు ఆయన మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. కాగితంలోని నంబరు లెక్కకు వచ్చిన తలుపు దగ్గర నాన్న చెప్పు పెట్టి ఆగాడు. ఏజెంటు దాని ఎదుటి తలుపు దగ్గర నిలబడి తాళం తిప్పుతున్నాడు.

"కాగితంలో ఇల్లు పడమటి వరసండి. ఈయన తీసేది తూరుపుది," అన్నాడు నాన్న.

ఏజెంటు ముందు కాదన్నాడు, లాయరమ్మ ప్లాను ముక్కు దగ్గర పెట్టేసరికి అవునన్నాడు. మేము వచ్చిన రోజు అసలు ఇంట్లో మనుషులు నిద్రపోతున్నారట. అందుకని ఎదురుగా ఖాళీగా ఉన్నది చూపించాడట. రెండూ సేమ్ సేమ్ మేడమ్, కుడి ఎడమలే తేడా అన్నాడు.

అసలు ఇల్లు తెరిచారు. తలుపు తీయగానే ఎదురుగా, నా గోడ ఉండాల్సిన చోట పెద్ద కిటికీ ఉంది. దాని అవతల పక్క బిల్డింగు ఏసీ పెట్టెలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒప్పందం రద్దు చేసుకోవచ్చనీ, చూపించింది ఒకటి అమ్మేది ఒకటి కాబట్టి తప్పు వాళ్ళదేననీ, మీ ఇష్టమనీ లాయరమ్మ నాతో చెప్పింది.

నాన్న మాత్రం కొబ్బరికాయ బేరమాడేవాడిలా వేలిమెటికలతో గోడలన్నీ కొట్టుకుంటూ ఇల్లంతా తిరిగాడు. వంటింటి గుమ్మం పక్కన ఆగాడు.

"మీ అమ్మ వీధిగుమ్మం ఎదురుగా ఎప్పుడైనా కూచుందా అమ్మాయ్? వంటింటి గుమ్మం పక్కన నిలబడి, ఎవరు ఎంత తింటన్నారో చూసేది."

ఆ మాటతో నేను ఆ ఇల్లు కొనేశాను. మిగతాదంతా కాగితాలే.

అయితే నాన్న పని అవలేదు. ఫ్లాటుకు నాలుగు కాదు, ఆరు హద్దులని ఆయనకు అప్పుడే తట్టింది. పైనొకటి, కిందొకటి. పై ఇంటివాళ్ళ తలుపు కొట్టి, మీ నేలే మా కప్పు అని లాయరమ్మ చేత చెప్పించాడు. వాళ్ళకు ఏం అర్థమైందో గానీ ఖర్జూరాలు పెట్టి గావా కాఫీ పోశారు. కింది ఇంటివాళ్ళు గొలుసు వేసిన తలుపు సందులోంచే ఒప్పుకున్నారు.

పద్నాలుగో రోజున రిజిస్ట్రేషన్ అరగంటలో ముగిసింది. వచ్చిన కాగితం ఇటు తిప్పి అటు తిప్పి చూసి నాన్న నీరుగారిపోయాడు. అందులో నంబర్లున్నాయి, చదరపు మీటర్లున్నాయి, హద్దులు మాత్రం లేవు. నేను ఏదో చెప్పబోయేలోపే లాయరమ్మ అందుకుంది.

"ఖలాస్, మీరే రాస్కోండ్రి సార్. నేనొచ్చి సాక్షి సంతకం పెడత."

ఇంట్లో దిగిన వారానికి ఆవిడ నిజంగానే వచ్చింది. అప్పటికే మా ఆయన సుత్తితో మూడు మేకులు వంచి, ఓడిపోయి, వాచ్‌మన్ దగ్గర డ్రిల్లు అరువు తెచ్చాడు. వంటింటి గుమ్మం పక్కన అమ్మ గోడకెక్కింది. నాన్న తెల్ల కాగితం తీసి, నలభై ఏళ్ళ నాటి చేతిరాతతో రాసి, పైకి చదివాడు. తూర్పున వంటింటి గుమ్మము, పడమర అల్లుడుగారి టీవీ, ఉత్తరమున భోజనాల బల్ల, దక్షిణమున సిమెంటు గోడ, పైన పంకా గాలి, కింద చెప్పుల స్టాండు. ఈ ఆరు హద్దుల మధ్య గల స్థలము నా భార్యకు సర్వహక్కులతో దఖలు పరచడమైనది. ఈ దినము లగాయతు ఆమెను ఖాళీ చేయమని అడుగుటకు ఎవరికినీ హక్కు లేదు.

లాయరమ్మ సంతకం చేసింది. పక్కన రెండో సాక్షిగా నేను చేశాను. చేసి, నీ కాలం అయిపోలేదు నాన్నా, నన్ను క్షమించు అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, సంతకం వంకరగా పెట్టావు అన్నాడు. తర్వాత నేను వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు కావాలనే గట్టిగా వేశాను. వచ్చి చూశాను. అమ్మ కదల్లేదు.