పొట్టక్క ఎదకొచ్చిన పొద్దు

పుంగనూరులో ఆ వీధిలో అన్నింటికంటే జారుడు మెట్టు ఎవరింటిదని అడిగితే చంటిపిల్లలైనా ముద్దుకృష్ణ ఇల్లు చూపిస్తారు. ఆ మెట్టు మీద ఆయన భార్య సుభద్రమ్మ ఉగాదికి ముందర జారింది, మోచేయి వాచింది. వినాయకుణ్ణి నీళ్ళలో వేసిన మర్నాడు జారింది, పెదవి చిట్లింది. కార్తీకంలో జారినప్పుడైతే ఏకంగా మెడ మీద వేళ్ళ గుర్తులు పడ్డాయి. మెట్టుకు వేళ్ళెక్కడివని ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు. ఆ ఇంటికి మిద్దె లేదు, ఉన్నది వాకిట్లో జానెడెత్తు మెట్టు ఒక్కటే. అయినా "నున్నటి బండ పరిపించినారు, జారక ఏం చేస్తాది" అని వీధి వీధంతా బండను తిట్టేది. బండ పాపం నోరు మూసుకొని పడేది.

ముద్దుకృష్ణ మంచివాడు. ఈ మాట ఎవరైనా చెబుతారు, ముఖ్యంగా ఆయనతో కాపురం చేయనివాళ్ళు. బజారులో తౌడు, చెక్క అమ్మే పశువుల మేత అంగడి ఆయనది. అంగడి పొట్టకూటికి, పేరు మాత్రం దాంపత్య సర్దుబాటు సంఘంతో వచ్చింది. మొగుడూ పెండ్లాం తగవు పడితే సంఘం వాళ్ళు ఇద్దర్నీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆడమనిషిని సర్దుకోమంటారు. తీర్పు ఎప్పుడూ ఒకటే కాబట్టి పని త్వరగా తెమిలేది. ముద్దుకృష్ణ దానికి అధ్యక్షుడు. "కాపురమంటే జోడెద్దుల బండప్పా, ఒకటి లాగతాంటే రెండోది ఓర్చుకోవాల" అని ఆయన చెబుతుంటే, విడిపోదామని వచ్చినవాళ్ళు కండ్లు తుడుచుకుంటూ పోయేవాళ్ళు. లోపల కాఫీ కలుపుతూ సుభద్రమ్మ వినేది. ఆ రెండో ఎద్దు ఎవరో ఆమెకు తెలుసు.

మొదటిసారి ఆమె పోయింది సంఘం ఉపాధ్యక్షుడు భీమరావు సారు దగ్గరికి. రిటైరైన హెడ్‌మాస్టరు, న్యాయం తెలిసినవాడు.

"సారూ, ఆయన కొడతాండాడు. నేనింక ఆ ఇంట్లో ఉండలేను."

సారు కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అయ్యో! ఇది చిన్న విషయం గాదమ్మా. ఇట్లాంటిది నేనొక్కణ్ణే తేల్చకూడదు. అధ్యక్షుల వారి దృష్టికి తీసుకుపోవాల."

"అధ్యక్షుడు ఆయనే గదా సారూ!"

"అదేనమ్మా నీ అదృష్టం. ఇంట్లోనే అధ్యక్షుడు ఉండే భాగ్యం ఎవరికుంటాది చెప్పు?"

ఆ సాయంత్రం ముద్దుకృష్ణ తన కాపురానికి తానే అధ్యక్షత వహించాడు. మొగుణ్ణి రెండు మాటలు మందలించాడు, పెండ్లాన్ని నాలుగు మాటలు ఓదార్చాడు. ఎంత నిష్పక్షపాతమని అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళటు పోయినాక మెట్టు మళ్ళీ జారింది.

రెండోసారి మదనపల్లె బస్సెక్కింది. అక్కడ టమోటా మండీలో ఆమె అన్న జయచంద్ర యాపారం చేస్తాడు. చెల్లెలి పెదవి చూసి అతని కండ్లలో నీళ్ళు తిరిగాయి. వదిన ఉషారాణి వేడి వేడి రాగిసంగటి పెట్టింది. మూడో పూటకి మాత్రం వదిన గొంతు కొంచెం చల్లబడింది. "వదినా, నువ్వు వచ్చినావని మా ఇంటిపక్క వాళ్ళు యాల వచ్చె, ఎందుకు వచ్చె అని అడగతాండారు. పండగా లేదు, పబ్బమూ లేదు. ఏం చెప్పేది?" మర్నాడు జయచంద్ర ఒక పట్టుచీర కొన్నాడు. మదనపల్లెలో మగ్గాలకు కొదవ లేదు కదా. "పుట్టినింటి నుంచి వట్టి చేతులతో పంపకూడదమ్మా" అని చీర చేతిలో పెట్టి, తనే పుంగనూరు బస్సు ఎక్కించాడు. వాపు తగ్గకముందే ఆమె కొత్త చీరతో వీధిలో దిగింది.

"అబ్బ! ఎంత ప్రేమో మీ అన్నకు," అంది ఎదురింటి హేమలత, చీర అంచు పట్టి చూస్తూ. "మా అన్న ఉండాడు, రాఖీకి కూడా చాకలెట్టు ఇచ్చి సరిపెడతాడు."

అట్లా జారినప్పుడల్లా మదనపల్లె, మదనపల్లె పోయినప్పుడల్లా చీర. సుభద్రమ్మ పెట్టెలో చీరలు పెరిగిన కొద్దీ వీధిలో అసూయ కూడా పెరిగింది.

అంత కష్టంగా ఉంటే పోవచ్చు గదా అనేవాళ్ళూ ఉన్నారు. అన్నవాళ్ళే, ఆమె చేతిలో సంచి కనిపిస్తే చాలు, "యాడికమ్మా? ఒక్కదానివేనా? ఆయనకు చెప్పినావా?" అని చుట్టూ మూగేవాళ్ళు. అంతలో ఒకడు అంగడికి ఫోను కొట్టేవాడు. ఇంత మంచి వీధి దొరకడం కష్టం.

వీధి ఒక్కటే అయితే ఆమె దాటేదేమో. మెట్టు జారిన మర్నాడు ముద్దుకృష్ణ వేడి మసాలా వడలు పొట్లం కట్టించుకొని వచ్చి, ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చేవాడు. ఆ పైన ఒక వారం, ఒక్కోసారి పది రోజులు, పెండ్లిచూపులకు వచ్చినప్పుడు ఎట్లా మాట్లాడాడో అట్లాగే మాట్లాడేవాడు. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాడు, కాస్త ఓపిక పడితే బయటికొస్తాడని ఆమెకు అనిపించేది. కాయ పండుతుందని చెట్టు కింద కూర్చున్నట్టు కూర్చుంది. చెట్టు మాత్రం కాయలే రాల్చేది, అవీ నెత్తి మీద.

ఇంకొకటి కూడా ఉంది. పొట్టక్క.

పొట్టక్క అసలైన పుంగనూరు ఆవు. మనిషి నడుముకు కూడా రాదు. వాకిలి తెరిచి ఉంటే వంటింట్లోకి వచ్చి చెంబులో నీళ్ళు తాగిపోతుంది. రామసముద్రం దగ్గర పల్లెలో సుభద్రమ్మ తల్లి కెంపమ్మ, తను పోయేముందు పెయ్యగా ఇచ్చిన ఆవు అది. సుభద్రమ్మ చేయి తగిలితే తప్ప పాలు చేపదు. వేరే ఎవరు కూర్చున్నా, చిన్న ఆవే అయినా తన్ను మాత్రం పెద్దది తంతుంది. చివరిసారి మదనపల్లెలో ఉన్నప్పుడు ముద్దుకృష్ణ ఫోను చేశాడు. తిట్టలేదు, అరవలేదు. "నీ ఆవు అరస్తాండాది. నీళ్ళు పెట్టేవాళ్ళు లేరు పాపం," అన్నాడు మెత్తగా. ఆ సారి జయచంద్ర చీర కొనేలోపే ఆమె బస్సులో ఉంది. ఇంటికొచ్చి చూస్తే తొట్టి ఎండిపోయి ఉంది. పొట్టక్క వీపు మీద కట్టె వాతలు. ఆవుకు మెట్లెక్కే పని లేదు కాబట్టి, ఎట్లా జారిందో చెప్పడానికి ముద్దుకృష్ణకు మాట దొరకలేదు.

ఆ రోజు తొట్టి నింపుతూ సుభద్రమ్మకు తెలిసింది. తను పోవాలంటే ఇద్దరూ పోవాల. సంచి పట్టుకున్న ఆడదాన్నే దాటనివ్వని వీధిలో ఆవుతో ఎట్లా దాటేది?

జవాబు పొట్టక్కే చెప్పింది. మాఘమాసంలో ఒక పొద్దున్నే గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది. మేత ముట్టలేదు, తాడు తెంపేట్టు గుంజింది. వీధిలో పశువులు తెలియని ఇల్లు లేదు. భీమరావు సారు పండ్లు తోముతూనే వచ్చాడు. "ఎదకొచ్చిందమ్మా! ఈ పొద్దు దాటితే మళ్ళా మూడు వారాలాగాల."

"ఆస్పత్రిలో సూదేయిస్తే పోలేదా?" అంది హేమలత.

"సూదా!" ముద్దుకృష్ణకు కోపమొచ్చింది. "అసలు జాతి ఆవుకు అసలు జాతి కోడెనే కావాల. తెలిసీ తెలియక పొడుగు దూడ పుడితే నా పరువేం గావాల?"

సుభద్రమ్మ చేతిలో పాలచెంబు ఉంది. చెంబు వైపే చూస్తూ అంది. "కుప్పం పక్కన వెంకటరత్నమ్మ అక్క కాడ పుంగనూరు కోడె ఉండాది గదా. పశువుల ప్రదర్శనలో చూసినాము. రెండు మూడు రోజులు ఆడ కట్టేసి రావాల్సి వస్తాది. నేను పోకుంటే ఇది పాలియ్యదు."

అంతే. సంచి పట్టుకుంటే దారికడ్డం నిలబడిన వీధి ఇప్పుడు దారి చేసింది. సుభద్రమ్మ పెదవి చిట్లినప్పుడు కదలని కాళ్ళన్నీ ఆవు ఎదకొచ్చిందనేసరికి పరుగెత్తాయి. ఒకరు ఓబులప్ప గూడ్స్ ఆటోను పిలుచుకొచ్చారు. ఒకరు ఆటోలో గడ్డి పరిచారు. హేమలత దారిలో తినమని పులిహోర కట్టిచ్చింది. "ఆడకూతురు ఒక్కతే అంత దూరమా?" అని ఎవరూ అనలేదు. ఆడకూతురు ఒక్కతే ఎక్కడుంది, ఆవు తోడుంది కదా. అధ్యక్షులూ ఉపాధ్యక్షులూ చెరొకపక్క పట్టి పొట్టక్కను ఆటోలోకి ఎత్తారు.

ఆఖర్న తౌడు మూట. సుభద్రమ్మ కొట్టంలో నుంచి ఈడ్చుకొస్తుంటే ముద్దుకృష్ణ అందుకున్నాడు. ఎత్తాడు. ఆగాడు. పుట్టిన కాడి నుంచి మేత మూటలు ఎత్తిన చేతులవి.

"ఏందే ఇది? యాబై కేజీల మూట ఇంత తేలిగ్గా ఉండాదే?"

 మూటలో తౌడు పైపైనే. కింద ఉన్నవన్నీ మదనపల్లె పట్టుచీరలు.

"నీ అంగడి మూటే గదప్పా!" అన్నాడు ఓబులప్ప, స్టీరింగు మీద చేయి వేసుకొని. "నీ కాడ యాబై అంటే ఎప్పుడూ అంతే తూగతాది. మాకు తెల్సు, నీకే ఇప్పుడు తెల్సినట్టుండాది!"

వీధంతా పకపకా నవ్వింది. భీమరావు సారు కూడా బ్రష్షు నోట్లో పెట్టుకొనే నవ్వాడు. తౌడు తూకం సంగతి ఇంకెవరూ ఎత్తకముందే ముద్దుకృష్ణ మూటను ఆటోలోకి విసిరి, "సాల్లే, పొద్దు పోతాండాది, పోనియ్!" అని ఆటో వెనక తనే ఒక తోపు తోశాడు. పెండ్లాం ఇల్లు విడిచిపోయేటప్పుడు బండి తోసిన మొగుడు ఈ సీమలో ఆయనొక్కడే కావచ్చు.

వి.కోట దాకా సుభద్రమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. అక్కడ టీ కొట్టు దగ్గర ఓబులప్ప ఆటో ఆపాడు. గ్లాసు ఆమె చేతికిచ్చి, ఎటో చూస్తూ అన్నాడు. "అమ్మా, మూట మూలన జరీ కనపడతాండాది. లోపలికి తోసుకో."

ఆమె జరీ కొసను మూటలోకి తోసింది. ఫోను అతని జేబులోనే ఉంది. అధ్యక్షుల నంబరు వీధిలో అందరి ఫోన్లలోనూ ఉంటుంది.

"నువ్వు... పొద్దున్నే చూసినావా అప్పా?"

"నేనేం చూసినా? నాకు తెల్సింది తౌడు ఒక్కటే." అతను టీ ఊదుకొని తాగాడు. "బిరీన తాగమ్మా. పొట్టక్క తొందర పడతాండాది."

కుప్పం పక్కన వెంకటరత్నమ్మ మొగుడు పోయినాక పాలు పోసి బతికే మనిషి. మాటలు తక్కువ, పేడ ఎక్కువ. కోడె పని కోడె చేసింది. సాయంత్రం దాణా కలుపుదామని ఆమె మూట విప్పి, చేయి పెట్టి, ఒక చీర కొస బయటికి లాగింది. ఇంకొకటి లాగింది.

"మీ ఊర్లో ఆవులు పట్టు మేస్తాయా పాపా?"

సుభద్రమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది. వెంకటరత్నమ్మ యాల అని అడగలేదు. చీరల మీది తౌడు దులిపి, మడతపెట్టి, కొట్టం పక్కన గదిలో దండెం చూపించింది. "ఆడ వేసుకో. పొద్దున్నే లేయాల. నా కాడ ఊరికే ఉండేవాళ్ళకు చోటు లేదు, పాలు పిండేవాళ్ళకు ఉండాది."

మర్నాడు ముద్దుకృష్ణ ఫోను. "ఆవు ఏమాయె?"

"కోడె దాటింది. చూలు నిలిచేదాకా ఆటోలో కుదపకూడదంట."

"అవునవును. కదపొద్దు," అన్నాడు ముద్దుకృష్ణ, జాతి ఆవు యజమాని గొంతుతో. వీధిలో అందరికీ తనే చెప్పాడు. అడిగినవాళ్ళందరూ తలలూపారు. ఆడదాని ఒళ్ళు సంగతి తెలియని వీధికి ఆవు కడుపు సంగతి బాగా తెలుసు. అట్లా మాఘం పోయింది, ఉగాది కూడా పోయింది. మసాలా వడల పొట్లం లేకుండా, దాని ముందర వచ్చేదీ లేకుండా, సుభద్రమ్మ పొద్దున్నే లేచి పాలు పిండింది. మొదట్లో ఎక్కడైనా గిన్నె కింద పడితే రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకునేది. పోను పోను, పడిన గిన్నె తీసి కడగడం నేర్చుకుంది.

ఒక ఆదివారం కారొకటి వచ్చి ఆగింది. ముద్దుకృష్ణ, భీమరావు సారు దిగారు. సారు చేతిలో పండ్లబుట్ట ఉంది. ముద్దుకృష్ణ మొహాన ఏడ్చే మొగుడి మెత్తదనం అప్పటికే సిద్ధంగా ఉంది.

"చూడి ఆవును కదిలించేదానికి వచ్చినారా ఏమప్పా?" అంది వెంకటరత్నమ్మ, వాకిట్లోనే.

"రామ రామ!" సారు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆ పాపం మాకెందుకమ్మా!"

"ఆవును ఉండనీ," అన్నాడు ముద్దుకృష్ణ. "ఆమెను పంపు. ఇల్లు బోసిపోయింది సుభద్రా. రా."

ఆ గొంతు వినగానే ఆమె కాళ్ళు ఒక్క క్షణం అటే లాగాయి. ఎన్నో ఏండ్లుగా ఆ గొంతు వెంట పోయిన కాళ్ళవి. తలుపు గడి మీద చేయి వేసి నిలబడింది.

"ఆవు వట్టి సాకు. నేను రాను."

"అమ్మా, అట్లా అనకూడదు," అన్నాడు సారు. "కారణం చెప్పాల గదా. ఇంతకాలం లేని కష్టం ఇప్పుడేమొచ్చె?"

"జారతాండాను సారూ."

"ఆ బండ ఉలితో చెక్కిద్దాం లేమ్మా..."

"జానెడు మెట్టు. దాని మీద ఒక మనిషి అన్నిసార్లు జారతాదా సారూ? మీరు హెడ్‌మాస్టరు. చెప్పండి."

సారు నోరు తెరిచాడు. "ఇది మనం అధ్యక్షుల వారి దృష్టికి..." అనబోయి, పక్కన నిలబడిన అధ్యక్షుల వారిని చూశాడు.  మెట్టుకు వేళ్ళుండవని ఆయనకు కార్తీకం నుంచీ తెలుసు. పండ్లబుట్ట ఎక్కడ దించాలో తెలియక అటూ ఇటూ మార్చుకొని, చివరికి వెంకటరత్నమ్మ గడప పక్కన నేల మీద పెట్టాడు. "పోదాం పా ముద్దుకృష్ణా," అన్నాడు, సర్దుబాటు గొంతు కాకుండా, ఎప్పుడూ లేని మామూలు గొంతుతో.

"ఒంటరిగా ఎట్లా బతకతావే?" ముద్దుకృష్ణ గొంతులో మెత్తదనం చిట్లింది, లోపలిది తొంగి చూసింది. "ఏం చూసుకొని ఇంత పొగరు? ఏముండాది ఈడ?"

సుభద్రమ్మ చుట్టూ చూసింది. పేడ అలికిన చదునైన వాకిలి. కొట్టం. గదిలో దండెం మీద ఆరేసిన చీరలు.

"ఏముండాదో గానీ, ఈడ మెట్లు లేవు," అంది.

గడి వేసి, చెంబు తీసుకొని లోపలికి పోయింది. పాలు పిండే వేళ అయింది.