కుడి అంచు నాది

ఇంగ్లీషు చదవాలన్న పిచ్చి మా ఇంట్లో మొదట పట్టింది నాకు. ఈ సంగతి ఎవరూ మర్చిపోకూడదని నా పట్టుదల. పిల్లలు పెద్దయ్యాక ఇంటర్, డిగ్రీ ఇంట్లో కూర్చునే ముగించాను. యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎమ్మేలో చేరడానికి ఆన్‌లైన్‌లో సిద్ధం చేసే తరగతి ఒకటి ఉందని వెతికి పట్టుకున్నదీ నేనే. నా తోటికోడలు చేసిందల్లా నా పక్కన కూర్చోవడం.

గద్వాల చీరకు మగ్గం మీద ఇద్దరు కావాలి. చీర ఒంటి నూలు పోగూ అంచు పట్టు పోగూ ప్రతి వరసలోనూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. పెద్దకోడలిని నేనైనా, చేయి వేగమని మా మామ అసలు నేతగాడు కూర్చునే పీట చిన్నకోడలికే ఇచ్చాడు. కుడి అంచు నాది. ఫోను మగ్గం కర్రకు ఆనించి నేను పాఠం వింటుంటే, తను విన్నది విన్నట్టు అప్పజెప్పేది. డిగ్రీ తనకు పెళ్లికి ముందే ఉంది. నెల తిరక్కుండా తానూ చేరింది.

ఏకై వచ్చి మేకై కూర్చుంది. నేను మాట వెతుక్కునేలోపే తను జవాబు చెప్పేసేది, పాఠం చెప్పే మేడమ్ మెచ్చుకునేది. మధ్యాహ్నాలు నాకు పలకడం నేర్పింది కూడా తనే. ఒక్కసారి విసుక్కున్నా నాకు కాస్త ఊరటగా ఉండేది.

చివర్లో వీడియో కాల్‌లో ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష. తనకు పదకొండింటికి, నాకు పన్నెండుకు. తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఆ పొద్దున తను నేస్తూనే జవాబులు వల్లె వేస్తోంది. వినేకొద్దీ నా కడుపు మండిపోయింది. తడబడితే బాగుండునని అనుకున్నాను. నా చేతులు ఆడుతూనే ఉన్నాయి. పదకొండు కావస్తుంటే తను లేవబోయి, నా వైపు చూసి ఆగిపోయింది. జానెడు మేర నా అంచు చీర ఒంటిని పట్టుకోలేదు. మధ్యలో వేలు దూరేంత సందు.

అది పెళ్లిచీర. చీర చెప్పిన వనపర్తి వాళ్లు సాయంత్రానికి వస్తారు. ఆ జానెడూ విప్పి మళ్లీ నేయాలి.

"ఏం గాదక్కా," అంది తను, ఫోను పక్కన పెట్టి. "ఇద్దరం విప్పితె జల్ది అయితది. నాది వచ్చే ఏడు జూస్కుంట."

విప్పడానికి ఇద్దరు అక్కర్లేదు. కాస్త ఆలస్యమైనా ఒక్కదాన్నే విప్పగలను. నువ్వు పో అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పన్నెండుకు నేను లేచాను. తను తలెత్తకుండా ఒక్కతే పోగులు విప్పుతూ కూర్చుంది.

లోపలి గదిలో ఫోను ముందు కూర్చున్నాను. తను నేర్పినవన్నీ వరసగా చెప్పాను. మేడమ్ సంతోషించి, ఇంత చక్కగా మాట్లాడడం మీకు ఇంట్లో ఎవరు నేర్పారని ఇంగ్లీషులో అడిగింది.

ఎవరూ లేరు, నేనే నేర్చుకున్నాను అన్నాను. ఆ మాట దగ్గర నాలుక కొంచెం కూడా తడబడలేదు.