కొంగు పట్టి అడిగిన పసుపు

నా చిన్నప్పుడు మా పెరట్లో రెండు రకాల పసుపు పెరిగేది. ఒకటి కూరల్లో వేసుకునేది, రెండోది అడవి పసుపు. ఆకులు చూస్తే తేడా తెలిసేది కాదు. మా నాన్నకైతే చివరిదాకా తెలియలేదు. దుంప తవ్వి విరిస్తేనే బయటపడేది. అడవి పసుపు లోపల లేత రంగులో ఉండి కర్పూరం వాసన వేసేది, నాలుక మీద పెట్టుకుంటే చేదు. మా నాయనమ్మ ఆ మొక్కను అనంతగిరి కింద తన పుట్టినూరి సంతలో ఒక కొండ మనిషి దగ్గర తీసుకుందట. పెళ్ళై అత్తారింటికి వచ్చినప్పుడు ఒకసారి, మేం గాజువాక పక్కన కాలనీకి మారినప్పుడు మరోసారి, ఆ దుంపల్ని తడిగుడ్డలో చుట్టి వెంట తెచ్చుకుంది. స్నానం నీళ్ళు పారే చోట గోడ వారగా వరసగా పాతింది.

అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా లేవలేదు, పునాదులు తవ్వుతున్నారు. పగలంతా లారీలు తిరిగి ఆరేసిన బట్టలు ఎర్రబడేవి. నాన్న పోర్టులో షిఫ్టుల మీద పనిచేసేవాడు. అమ్మ ఆ నెలలో జబ్బుపడిన వాళ్ళమ్మను చూసుకోవడానికి పుట్టింటికి వెళ్ళింది. పగటిపూట ఇంట్లో నేనూ నాయనమ్మా మాత్రమే ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు.

నాయనమ్మ తనను వైద్యురాలంటే ఒప్పుకునేది కాదు. ఎవరైనా ఆ మాట అంటే కసిరేది. అయినా వీధిలో ఏ బాలింతకు పాలు పడకపోయినా, ఎవరికి నెల నొప్పులకు నడుం లాగేస్తున్నా మా ఇంటికే వచ్చేవారు. ఆవిడ ముందు మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఎన్నాళ్ళుగా, ఎక్కడ, ఎలా అని చాలాసేపు అడిగేది. అంతా విన్నాక చాలామందికి ఏమీ ఇవ్వకుండానే పంపేసేది. కడుపుతో ఉన్నవాళ్ళకు అసలే ఇచ్చేది కాదు. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా ఇచ్చేది కాదు. ఇవ్వాలనుకున్నవాళ్ళకు దుంప నూరి, ఉడకబెట్టి, శొంఠీ బెల్లమూ కలిపి తన చేత్తోనే తినిపించేది. తను ఇంట్లో లేనప్పుడు ఆ మొక్కల జోలికి వెళ్ళొద్దని నాకు గట్టిగా చెప్పి ఉంచింది.

వచ్చేవాళ్ళు మాత్రం ఎందుకొచ్చారో నోరు విప్పి చెప్పేవారు కాదు. వాకిట్లో మగాళ్ళుంటారు, పిల్లలుంటారు, వెనకాల అత్తగారుంటుంది. అందుకని అందరూ ఒకే మాట అనేవారు. పసుపు నిండుకుంది, కాస్త పెడతారా అని. పసుపు అయిపోయిందని అనకూడదు కదా, నిండుకుందనే అంటాం. ఆ మాట విన్నవాళ్ళెవరికీ ఏ అనుమానమూ రాదు. వంటకు కావలసినవాళ్ళు గిన్నె తెచ్చుకునేవారు. ఆ రెండో పసుపు కావలసినవాళ్ళు గిన్నె లేకుండా వచ్చి కొంగు పట్టేవారు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, కుళాయి దగ్గర ఒకరి నోటి నుంచి ఒకరికి పాకింది. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లలకు తెలియకూడదనే కదా ఆ ఏర్పాటంతా.

మా పక్కింట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. పెళ్ళై ఏడాది కాలేదు. వాళ్ళాయన ఫ్యాక్టరీ కట్టే చోట వెల్డింగు పనికి వెళ్ళేవాడు. అత్తగారు వాళ్ళతోనే ఉండేది. అక్క మాట మాటకీ ‘అండీ’ అనేది. మా నాయనమ్మను మామ్మగారూ అని పిలిస్తే, “గారేటమ్మా, నాను మొయ్యలేను” అని ఆవిడ ఆటపట్టించేది. నాకు రోజూ రెండు జడలు వేసేది అక్కే. అమ్మ ఊళ్ళో లేని లోటు ఆ జడలతో సగం తీరిపోయింది.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ కిరసనాయిలు కోసం రేషను షాపుకి వెళ్ళింది. నేను అరుగు మీద గచ్చకాయలు ఆడుకుంటున్నాను. అక్క వచ్చి, మామ్మగారు లేరా అని అడిగింది. లేదన్నాను. గుమ్మం పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. వాళ్ళ వాకిట్లో అత్తగారు చింతపండు ఒలుస్తూ ఇటే చూస్తోంది.

“పసుపు నిండుకుందమ్మా. కొంచెం పెడతావా?” అని అక్క కొంగు పట్టింది.

గిన్నె కూడా లేకుండా వచ్చిందేమిటని నాకు నవ్వొచ్చింది. ఇంటి పెత్తనం నా చేతికి వచ్చినంత గొప్పగా లోపలికి వెళ్ళి, వంటింటి డబ్బాలోంచి రెండు చెంచాల పసుపు తీసి, పేపరు ముక్కలో పొట్లం కట్టి కొంగులో వేశాను. అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. గొంతు తగ్గించి, పాలల్లో వేసుకోవాలా అని అడిగింది. దేంట్లోనైనా వేసుకోవచ్చన్నాను. నిజమే కదా, పసుపు దేంట్లోనైనా వేసుకుంటారు. మామ్మగారు రాగానే నేనొచ్చానని చెప్పు అని, గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ నడక నేను చూశాను. చూసి మళ్ళీ గచ్చకాయలు ఎగరేశాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా పేరు. ఆ ఒక్క పూటే నానింది. సాయంత్రం నాన్న ఓడవాళ్ళు ఇచ్చారని ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. దాని మీద మనకు తెలియని అక్షరాలు, మంచు కొండల బొమ్మ. ఆ సంబరంలో నాకు అక్క గుర్తు లేదు. మర్నాడు ఆదివారం, బడి లేదు, జడలూ లేవు. అప్పుడూ గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం పులుసులో వేద్దామని నాయనమ్మ డబ్బా మూత తీసి, పసుపు ఇంత తగ్గిందేమని అడిగింది. అక్కకిచ్చానని చెప్పాను. గిన్నె తెచ్చిందా అంది. లేదు, కొంగు పట్టింది అన్నాను.

“ఎప్పుడే?”

“నిన్న.”

నాయనమ్మ పొయ్యి మీది గిన్నె దించేసింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆవిడ ముఖం చూసి నేను చేసిన పని ఏమిటో తెలియకుండానే నాకు ఏడుపొచ్చింది. పక్కింటికి పరుగు లాంటి నడకతో వెళ్తుంటే వెనకాలే వెళ్ళాను.

అక్క చాప మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. మొహం ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లగా ఉంది. ఏం లేదు మామ్మా, నెలసరే, ఈసారి ఆలస్యంగా వచ్చింది, అందుకే నొప్పి అంది అత్తగారు. మీ పసుపు రెండు పూటలా పాలల్లో తాగిందని కూడా చెప్పింది. అక్క నాకేసి చూసి చిన్నగా నవ్వడానికి ప్రయత్నించింది. మా వంటింటి పసుపును మందనుకుని తాగిన మనిషి నన్ను చూసి నవ్వబోయింది. నాకిప్పుడు యాభై దాటాయి, ఆ నవ్వు తలుచుకుంటే ఇవాళ్టికీ మనసు కలుక్కుమంటుంది.

నాయనమ్మ అక్క కంటి కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది. చెవి దగ్గర వంగి ఏదో అడిగింది. అక్క రెండు వేళ్ళు చూపించింది. నెల తప్పి రెండు నెలలన్నమాట. అత్తగారికి కూడా చెప్పలేదు, నిలిచాక చెబుదామనుకుందట. నొప్పి కడుపులో ఒక పక్కనే ఉందనీ, పొద్దుటి నుంచి భుజం కూడా లాగుతోందనీ అంది. నాయనమ్మ లేచి నిలబడి, పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అని ఒక్క మాటే అంది.

అత్తగారు చెడ్డమనిషి కాదు. భయస్థురాలు. అబ్బాయి ఆరింటికి వస్తాడు, వాడు రాకుండా నేనెలా పంపేది అంది. ఆడవాళ్ళ సంగతి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళి మగ డాక్టరు ముందు కూర్చోవడమా అంది. నాయనమ్మ వాదించలేదు. సరేనని మా ఇంటికొచ్చి, పెరట్లో కూర్చుని, అడవి పసుపు మొక్క ఒకటి పెకలించి, దుంప కడుక్కుని మళ్ళీ వెళ్ళింది. దాన్ని అత్తగారి కళ్ళ ముందు పెట్టింది.

“ఇదీ అసలు పసుపు. నిన్న మా మనవరాలు ఇచ్చింది ఇది కాదు. దీన్ని ఇంట్లో నూరకూడదు తల్లీ. నానెరిగిన సోటు ఒకటుంది, అక్కడ నూరి అక్కడే తాగించాలి. పిల్లని నాతో అంపు, పొద్దు గూకకుండా తెచ్చేత్తాను.”

మా పెరటి రోట్లోనే ఆవిడ ఎన్నిసార్లు ఆ దుంప నూరిందో నాకు తెలుసు. ఆ మాట అనబోతే నా జబ్బ మీద గట్టిగా గిల్లింది. అత్తగారు దుంపను కళ్ళకద్దుకుని, తనే కోడలి కొంగున ముడివేసి, వెళ్ళిరా అంది.

మెయిన్ రోడ్డు మీద ఆటో దొరికింది. పెద్దాసుపత్రికి పోనియ్యమంది నాయనమ్మ. అక్క తల ఆవిడ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. పోర్టు రోడ్డులో రైలు గేటు పడింది. ఎర్రటి ఇనుప ఖనిజం నింపుకున్న వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి, తోక కనిపించదు. అరికాళ్ళు రాస్తూ ఉండమంది నాయనమ్మ. రాస్తున్నకొద్దీ చల్లబడుతున్నాయి. అక్క చచ్చిపోవచ్చని నాకు అప్పుడు తెలిసింది. చచ్చిపోతే అది నా వల్లేనని కూడా తెలిసింది.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. చూసిన కాసేపటికే స్ట్రెచరు మీద లోపలికి తీసుకుపోయారు. పిండం గర్భసంచిలో కాకుండా పక్క గొట్టంలో నిలిచిందనీ, అది పగిలి లోపలే రక్తం పోతోందనీ, ఆపరేషన్ చేయాలనీ చెప్పారు. నర్సు అక్క గాజులూ పుస్తెలతాడూ పొట్లం కట్టి నాయనమ్మ చేతికిచ్చింది. కొంగులో ముడివేసిన దుంపను కూడా తెచ్చి, ఇదేంటమ్మా అంది. నాయనమ్మ దాన్ని చెత్తడబ్బాలో పడేసింది.

“పారేసేవేటి నాయనమ్మా?” అన్నాను.

“గుమ్మం దాటించింది కదే. ఇక్కడ దాని పనేటి నేదు,” అంది.

వరండాలో నేల మీద కూర్చున్నాం. నేను ఏడుస్తూ, నిన్నే చెప్పాల్సింది మర్చిపోయానన్నాను. ఆవిడ నేలకేసి చూస్తూ, తనకొక చెల్లెలుండేదని చెప్పింది. ఆ సంగతి మా నాన్నకు కూడా తెలియదని తర్వాత అర్థమైంది.

“దానికీ ఇలాగే ఒక పక్క నొప్పి. నాను ఏటీ అడగనేదు. దుంప ఇచ్చీసి మూడ్రోజులు పక్కన కూకున్నాను. తగ్గిపోద్ది తగ్గిపోద్ది అన్నాను,” అంది. అంతకుమించి చెప్పలేదు. మనుషులను కూర్చోబెట్టి ఆవిడ అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతుందో ఆ పూట తెలిసింది. నన్నెందుకు కొట్టలేదో కూడా తెలిసింది.

ఆసుపత్రి వాళ్ళు పోర్టుకు ఫోను చేసి చెబితే, పొద్దు వాలేవేళకు నాన్న అక్క వాళ్ళాయన్ని, అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. అక్క వాళ్ళాయన రక్తమిచ్చాడు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది. అక్క బతికింది. అత్తగారు నాయనమ్మ చేతులు పట్టుకుని, అబద్ధమాడి తీసుకొచ్చావు, నువ్వు నిజం చెప్పి ఉంటే నేను పంపేదాన్ని కాదు అంటూ ఏడ్చింది.

ఆ వారంలోనే నాయనమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళి అందరూ వినేలా చెప్పేసింది. ఇక మీదట గిన్నెలూ కొంగులూ నాకు తెలియవు, ఏం వచ్చిందో నోటితో చెప్పండి, చెప్పనివాళ్ళకు వంటపసుపే దొరుకుతుంది అని. కొందరు మూతి తిప్పుకున్నారు, కొందరు రావడం మానేశారు. మిగిలినవాళ్ళు మెల్లమెల్లగా చెప్పడం నేర్చుకున్నారు.

అక్క ఇంటికొచ్చాక చాలా రోజులు నేను ఆ గుమ్మం తొక్కలేదు. చివరికి తనే పిలిచి, జడ వేస్తానంది. వేస్తున్నంతసేపూ తల వంచుకుని, తప్పంతా నాదే అక్కా, మర్చిపోయాను అని చెప్పేశాను. జడ అల్లడం ఆగింది.

“నువ్వు పదేళ్ళదానివి. నేను ఇరవయ్యేళ్ళదాన్ని. రక్తం పోతోంది, భయంగా ఉంది అని నీతో ఒక్క మాట అనుంటే నువ్వు రేషను షాపు దాకా పరిగెత్తేదానివి కదా. నాకు నోరు రాలేదమ్మా,” అంది. మళ్ళీ జడ అల్లింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అక్క అడగకపోలేదు. అడిగిన మాటే వేరు, కావలసింది వేరు. మా ఆడవాళ్ళం ఒంటి సంగతులన్నిటికీ ఏదో ఒక ముసుగు పేరు పెట్టుకున్నాం. బయట చేరామంటాం, నీళ్ళోసుకున్నామంటాం, ఒంట్లో బాగాలేదంటాం. ముసుగు మర్యాదకే గానీ, ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా దాన్ని తీయలేకపోయాం. పెద్దయ్యాక నేను సీతమ్మధారలో ఒక క్లినిక్కులో చాలా ఏళ్ళు చీటీలు రాసే పని చేశాను. నీరసంగా ఉందని వచ్చే ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, నీరసమేనా అని ఇంకోసారి అడిగేదాన్ని. వెనక క్యూ పెరిగిపోతోందని విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను. రెండోసారి అడిగినప్పుడు కళ్ళ నీళ్ళు పెట్టుకుని అసలు సంగతి చెప్పినవాళ్ళు ఎందరో.

మా అమ్మాయికి పన్నెండో ఏడు వచ్చినప్పుడు ఒక ఆదివారం దగ్గర కూర్చోబెట్టుకుని, ఒంట్లో ఏది ఎక్కడుంటుందో, ఏది ఎందుకొస్తుందో, ఏది వస్తే భయపడాలో అన్నీ అసలు పేర్లతోనే చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. అది సిగ్గుతో ముడుచుకుపోయి, మెల్లగా చెప్పమ్మా, ముందు గదిలో నాన్నున్నారు, వింటారు అంది.

విననీ అన్నాను.