ఇప్పచెట్ల కింద నిప్పు

పోయిన నెల ఒక ఉదయం మా కాలేజీ పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో కనబడింది. మళ్లీ ఏదో సన్మానం కాబోలు అనుకుని విసుగ్గా ఫోను పక్కన పడేశాను. కాసేపటికి చేతులు జోడించిన బొమ్మలు వరసగా రావడం మొదలైంది. అప్పుడు తెరిచి చదివాను. హనుమకొండలో దవాఖానకు తీసుకుపోయే లోపే గుండె ఆగిందట. ముప్ఫై ఏళ్లకు పైగా నేను అన్నా అని పిలిచిన మనిషి చావు వార్తను చూసిన తీరు ఇది. ఇలాంటి నివాళి వ్యాసాల్లో ఈ సంగతి ఎవరూ రాయరు. నేను రాస్తున్నాను, ఎందుకంటే ఆయన దగ్గర దాచింది చాలు.

మేమిద్దరం ఒకే గైడు దగ్గర అర్థశాస్త్రంలో పరిశోధనకు చేరాం. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టిన నేను మగ్గాల మీద రాస్తానన్నాను. ఆయన రఘునాథపల్లి రైతు కొడుకు, చిన్నప్పుడు అడవి మొహం చూసింది లేదు. అడవి మంటల మీద రాస్తానన్నారు. అందరం నవ్వాం.

"మంటలార్పెటందుకు ఫారెస్టోళ్లున్నరు గదనే అన్నా, నువ్వేం జేస్తవు?" అన్నాను.

"ఆర్పుడు కాదు తమ్మీ. అడవి కాలితె ఎవ్వలది పోతాంది, కాలకుంటె ఎవ్వలది పోతాంది, గది జూడాలె" అన్నారు.

తర్వాత ఒకే కాలేజీలో ఉద్యోగాలు, ఒకే గదిలో రెండు బల్లలు. నా బల్ల కిటికీ పక్కన ఉండేది. పిల్లలు మాత్రం నన్ను దాటుకుని ఆయన దగ్గరికే పోయేవారు. ఎర్ర సిరా చూస్తే పిల్లగాండ్లు బుగులు పడతరని ఆయన పేపర్లు పెన్సిలుతో దిద్దేవారు. నేను కూడా పెన్సిలు కొన్నాను. అయినా ఒక్కరూ రాలేదు. ఆఖరికి మా ఆవిడ కూడా, ఆయన వస్తున్నారంటే పచ్చిపులుసులో రెండు ఉల్లిగడ్డలు ఎక్కువ కోసేది. నాకు ఎంత కుళ్లుగా ఉండేదో చెప్పలేను.

ఇక అసలు సంగతి. ఒక ఎండాకాలం మొదట్లో తోడు రమ్మంటే ములుగు అవతల ఒక అడవి ఊరికి ఆయనతో వెళ్లాను. బస్సు లేదని ఫారెస్టు వాళ్ల జీపు అడిగి తెచ్చుకున్నారు. ఊరి నడుమ జీపు ఆపి, ఇంటింటికీ తిరిగి, అడవికి నిప్పు ఎవరు పెడతారని అడిగారు. ఎవరూ పెట్టరన్నారు. ఏ గడపలో అడిగినా అదే జవాబు. ఆయన శ్రద్ధగా కాగితాలు నింపుకున్నారు.

నీళ్లకని నేనొక ఇంటికి పోతే, చెంబు అందిస్తూ ఆ ఇంటామె మెల్లగా అంది: "జీపు ముందట ఎట్ల జెప్తం సారూ? ఇప్పచెట్ల కింద ఎండాకులు మేమే కాలుస్తం. ఆకు కాల్వకుంటె రాలిన పువ్వు కండ్లవడదు. ఒక్కోపాలి గాలికి మంట మా చెయ్యి దాటిపోతది. మీ సార్‌కు జెప్పుండ్రి, గని మా పేర్లు రాయొద్దనుండ్రి."

చెబుదామనే జీపెక్కాను. దారిలో ఆయన జేబులోంచి ఒక ఉత్తరం తీసి చూపించారు. అడవి మంటల సదస్సుకు పరదేశం నుంచి వచ్చిన పిలుపు. "నువ్వే మొదలు జూసినవు తమ్మీ, ఇంట్ల గూడ చెప్పలె" అన్నారు. నా కడుపు మండిపోయింది. సంతోషం అన్నా అన్నాను. ఆమె మాట మింగేశాను.

ఆర్నెల్లు కష్టపడి ఆయన ఆ కాగితాల మీద పత్రం రాశారు. బయటికి పోయే ముందు ఇక్కడే ఒక సభలో చదివితే, ఒక పెద్దాయన లేచి, "ఎవరూ పెట్టకపోతే అడవి తనకు తానే అంటుకుంటుందా?" అన్నారు. హాలంతా నవ్వింది. వెనక వరసలో కూర్చున్న నాకు ఎంత హాయిగా ఉందో! ఆ రాత్రి అన్నం కూడా బాగా తిన్నాను.

ఆయన పరదేశం ప్రయాణం మానుకున్నారు. మరుసటి ఎండాకాలం ఒక్కరే బస్సు దిగి, నాలుగు కోసులు నడిచి, ఆ ఊళ్లో పది రోజులున్నారు. వాళ్లతో పాటు పువ్వు ఏరారట. వచ్చాక నాతో ఒక్కటే అన్నారు: "పోయిన ఏడు పనంత తప్పు తమ్మీ. మళ్ల మొదలువెడ్తాన."

ఆ రెండోసారి రాసిందే ఆయన్ని పెద్దవాణ్ణి చేసింది. రాలే పువ్వు పడేలా చెట్టు కింద పరుచుకోను పట్టలిచ్చి, పువ్వుకు మంచి ధర వచ్చేలా చూస్తే నిప్పు పెట్టే పనే ఉండదని రాశారు. "నిప్పు పెట్టినోడు దొంగ గాదు, తొందరున్నోడు" అనే మాట క్లాసులో కూడా చెప్పేవారు. ఆఫీసర్లు విన్నారు, ఊళ్లు విన్నాయి. నేను తోసిన గోతిలోంచి కూడా మనిషి పైకే వచ్చాడని మళ్లీ కుళ్లుకున్నాను. నా మగ్గాల పుస్తకం కాలేజీ లైబ్రరీ గుమ్మం దాటలేదు.

ఆయన పోయిన పదకొండో రోజు దినాలకు ఆ అడవి ఊరి నుంచి ఆటో కట్టించుకుని ఆరుగురు వచ్చారు. ఇంటి మనిషిలా నేను వడ్డిస్తున్నాను. రెండో బంతిలో ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు జీపుల వచ్చిన సారువు గదా? ఆకు కాల్చే ముచ్చట మొదలు నీకే జెప్పిన."

పప్పు బకెట్టు కింద పెట్టాను. అవునన్నాను.

"మరుసటేడు మీ సారు వచ్చి మళ్ల అడిగిండు. అప్పుడే మీతోని వచ్చిన సారుకు జెప్పి పంపితి గదా అన్న. చేతిల కాయితం మలిచి జేబుల వెట్టుకున్నడు. అటెన్క, 'మా తమ్మి జెప్పిండమ్మా, నేనే యాది మరిచిన' అన్నడు."

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఒకే గదిలో కూర్చున్నాం. ఒకే చాయ్ రెండు గ్లాసుల్లో పోసుకుని తాగాం. ఎందుకు చెప్పలేదని ఆయన ఒక్కసారైనా అడగలేదు. ఒక్కసారైనా అడిగి ఉంటే నేను ఎదురు తిరిగి పోట్లాడేవాణ్ణి, అబద్ధమాడేవాణ్ణి, ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఇందులోనూ ఆయనే నాకన్నా పెద్దవాడయ్యారు, అదీ నాకు తెలియకుండా. ఇప్పుడు కూడా ఓర్వలేకపోతున్నాను.

ఆమె విస్తరి ముందు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అన్నం మధ్యలో గుంట చేసుకుని ఆమె తలెత్తి చూసింది.

"పప్పు పొయ్యి సారూ" అంది.