నీళ్లు ఇంకని సందు

నేను బాపట్లలో పుట్టి పెరిగాను. మా ఇంటి చుట్టూ ఇసుక నేల. ఎంత వాన కురిసినా, వెలిశాక ఒక గ్లాసు టీ తాగి బయటికి వచ్చేసరికి నేల మీద తడి తప్ప నీళ్లు ఉండేవి కావు. అందుకే చిన్నప్పుడు వానంటే నాకు సంబరమే గాని భయం లేదు. పెళ్లయి తెనాలి వచ్చాక నల్లమట్టి ఎలా ఉంటుందో తెలిసింది. ఈ మట్టి కాసిని నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆ తర్వాత ఇక చాలన్నట్టు ఊరుకుంటుంది.

మా సందు పల్లంలో ఉంది. నేను కాపురానికి వచ్చినప్పుడు మట్టి దారి, రెండు పక్కలా గడ్డి. తర్వాత సిమెంటు రోడ్డు వేశారు. బురద తొక్కే బాధ తప్పిందని అందరం మురిసిపోయాం. రోడ్డుకీ గోడలకీ మధ్య మిగిలిన జానెడు మట్టిని కూడా ఎవరింటి ముందు వాళ్లు సిమెంటుతో మూసేశారు. కొన్నేళ్లకు ఆ రోడ్డు మీదే ఇంకో రోడ్డు పడింది. దాంతో మా గడప కిందికీ వీధి పైకీ అయ్యాయి. సందు పొడవునా ఒక పక్కన లోతైన మురుగు కాలువ, దాని మీద సిమెంటు పలకలు. పడ్డ వానంతా ఆ కాలువలోకే పోవాలి. కాస్త గట్టి వాన పడితే కాలువ నిండి, పలకలు మునిగి, ఏది రోడ్డో ఏది కాలువో తెలిసేది కాదు.

ఆ ఏడాది తుఫాను హెచ్చరిక వచ్చి స్కూళ్లకు సెలవిచ్చారు. నేను అమృతలూరులో టీచర్ని కాబట్టి ఇంట్లోనే ఉండిపోయాను. మా ఆయనది రేపల్లెలో బ్యాంకు ఉద్యోగం. ఆయన పొద్దున రైలుకే వెళ్లిపోయారు. ఇంట్లో నేనూ మా అత్తగారూ మిగిలాం. ఆమె నర్సుగా పనిచేసి రిటైరయిన మనిషి. రక్తమైనా, పామైనా, తాగి వచ్చి అరిచే మగాళ్లయినా ఆమెకు లెక్కలేదు. ఆ రోజు చర్చిలో స్త్రీల ప్రార్థన కూటం ఉంది. గొడుగు తీసుకుని బయలుదేరింది.

"ఇవాళ్టికి మానెయ్యరాదా అత్తయ్యా? తుఫానంటున్నారుగా" అన్నాను.

"తుఫానొచ్చిందని దేవుడికి కూడా సెలవిస్తామా ఏంటి?" అని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన కాసేపటికి మొదలైంది వాన. గాలితో కలిసి అడ్డంగా కొట్టింది. నేను వంటింటి కిటికీ మూసి హాల్లోకి వచ్చేలోపు గేటు కిందనుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. గడప దగ్గర పాత గుడ్డలు అడ్డం పెట్టాను. బియ్యం డబ్బా మంచం మీదికెక్కించాను. బాత్రూంలో నీళ్లు పోయే కన్నం గుడగుడమంటూ నల్లటి నీటిని పైకి కక్కుతోంది. వీధి ఎలా ఉందో చూద్దామని అరుగెక్కాను.

సందంతా ఒకటే నీరు. మోకాళ్ల పైకి వచ్చేట్టుంది. అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వారం పూడిక తీయడానికి మలుపు దగ్గర ఒక పలక లేపారు. పూడికైతే తీశారు గాని పలక మళ్లీ పెట్టలేదు. ఎవరూ పడకుండా ఎవరో ఒక చెట్టుకొమ్మ తెచ్చి ఆ గోతిలో గుచ్చారు. మలుపు వైపు చూశాను. కొమ్మ కనిపించలేదు. ఎప్పుడో కొట్టుకుపోయింది.

అదే సమయానికి మలుపులో గొడుగు కనిపించింది. మా అత్తగారే. రోడ్డు మధ్యలో బళ్లు నీళ్లు చిమ్ముతాయని ఆమెకు ఎప్పుడూ పలకల మీద నడవడం అలవాటు. ఆ రోజూ గోడ వారగా, పలకల మీదే వస్తోంది.

"అత్తయ్యా! ఆగండి! అక్కడే ఆగండి!" అని గొంతు చించుకుని అరిచాను.

వాన హోరులో ఆమెకు మాట వినబడలేదు. నేను చేతులు ఊపడం మాత్రం కనబడింది. ఇంట్లో ఏదో అయిందనుకున్నట్టుంది, తల ఊపి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నడక పెంచింది. నేను ఇంకా గట్టిగా అరిచాను. ఆమె ఇంకా తొందరగా నడిచింది.

ఆ తర్వాత గొడుగు ఒక్కటే ఉంది. నీటి మీద తిరగబడి, గిర్రున తిరుగుతూ మా ఇంటి వైపు వస్తోంది.

నాకు ఈత రాదు. అరుగు దిగి ఆ నీళ్లలో కాలు పెట్టడానికి నా ఒళ్లు ఒప్పుకోలేదు. అరుగు మీదనుంచే గేటు ఊచలు పట్టుకుని అరుస్తూ నిలబడ్డాను. నా అరుపులు విని ఎదురింటి అమ్మాయి బయటికి వచ్చింది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి.

"ఏమైందక్కా?"

"అత్తయ్య... కాలువలో..." అని మలుపు వైపు చూపించాను.

ఆమె వరండాలో బట్టలారేసే తాడు కొక్కెం నుంచి ఊడబీకి, నీళ్లలోంచి దాటి వచ్చి ఒక కొస నా చేతికిచ్చింది. "నడుముకు చుట్టుకోక్కా. నడిరోడ్డు మీదే నడువు. పక్కకి రాకు" అంది. ఆమె ముందు, నేను వెనక. కాలితో తడిమి, సిమెంటు తగిలాకే బరువు వేస్తూ పోయాం. మేం చేరేసరికి అత్తగారు బతికి ఉంటుందని నేను అనుకోలేదు. మా ఆయనకు ఫోనులో ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నడిచాను.

ఆమె బతికే ఉంది. పడుతూ పడుతూ రెండు మోచేతులూ అవతలి పలక అంచు మీద వేసింది. నీళ్లు గడ్డం దాకా ఉన్నాయి. కళ్లద్దాలు పోయాయి. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"కాళ్లు లోపలికి లాగుతోందమ్మాయ్" అంది. నేను ఎన్నడూ వినని చిన్న గొంతు అది.

తాడు ఆమె చంకల కిందుగా వేసి లాగాం. పైకి రాలేదు. మళ్లీ లాగాం. కింద ఏదో పట్టుకున్నట్టు ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

"చీర పట్టేసింది. లాగితే రాదు, విప్పెయ్యి" అంది అత్తగారు. ఆ స్థితిలో కూడా అది మాత్రం నర్సు గొంతే. నేను పలక మీద మోకాళ్లూని వంగి, నీళ్లలోకి చెయ్యి దూర్చి కుచ్చెళ్లు లాగేశాను. చీర నా వేళ్ల మధ్యనుంచి జారి, పలక కిందికి, ఆ చీకట్లోకి సర్రున వెళ్లిపోయింది. అది పోయిన వేగం చూశాను. ఈమె కూడా అంత వేగంగానే పోయేది.

ఈసారి లాగితే వచ్చింది. ఎదురింటి అమ్మాయి తన చున్నీ ఆమెకు చుట్టింది. ఇద్దరం రెండు పక్కలా పట్టుకుని ఇంటికి తెచ్చాం. మోకాలి కింద చర్మం పొడుగునా చెక్కుకుపోయింది. మడమ ఎముక చిట్లింది. రైళ్లు ఆగిపోవడంతో మా ఆయన బస్సులు మారి సాయంత్రానికి వచ్చారు. వాళ్లమ్మ పాదాల దగ్గర కూర్చుని, తల తుడుచుకోమని నేను తువ్వాలు ఇచ్చినా అలాగే పట్టుకుని ఉండిపోయారు.

కాలు కొన్నాళ్లకు నయమైంది. భయం నయం కాలేదు. ఆకాశంలో ఉరిమితే చాలు, అత్తగారు కూర్చున్న చోటే రెండు కాళ్లూ మంచం మీదికి ముడుచుకునేది. బాత్రూంలో కన్నం మీద బోర్లించిన చెంబు ఉంటేనే స్నానం చేసేది. చర్చికి వెళ్లడం మానేసింది. నా పరిస్థితీ అంతే. స్కూల్లో పాఠం చెబుతుండగా మబ్బు పడితే చాలు, మధ్యలో ఆపేసేదాన్ని. ఇంటికి ఫోను చేసి "కాలు బయట పెట్టకండి" అని చెబితేగాని పాఠం సాగేది కాదు.

మా ఆడపడుచు బాపట్లలో ఒక ఇంజనీరింగు కాలేజీలో సివిల్ చెబుతుంది. వాళ్లమ్మను చూడటానికి వచ్చి, వెళ్లేముందు గేటు బయట నిలబడి రోడ్డు మీద ఒక బిందెడు నీళ్లు కుమ్మరించింది. నీళ్లన్నీ ఒక్క ఉరుకున కాలువలో పడ్డాయి.

"చూశావా వదినా, మీ సందులో పడ్డ ప్రతి చుక్కా ఆ ఒక్క కాలువలోకే పోవాలి. అన్నీ ఒకేసారి. ముందు ఆ పలక పెట్టించండి. పెట్టించినా నీళ్లు మాత్రం ఇలాగే వస్తాయి."

"బాపట్ల ఇసుక ఇక్కడెక్కడ తెస్తాం?"

"తేలేం. ఈ మట్టి తాగదు కాబట్టి దాని మీద మనమే చోటు చెయ్యాలి. రోడ్డు వారనున్న సిమెంటు తీసేసి, లోతుగా తవ్వి కంకర పొయ్యాలి. దాని మీద మధ్య మధ్య సన్నటి సందులు వదిలి సిమెంటు బ్లాకులు పేర్చాలి. వాన నీళ్లు ముందు ఆ కంకరలోకి దిగుతాయి. మట్టి తాగినంత తాగుతుంది, మిగిలింది అడుగున వేసిన చిల్లుల పైపులోంచి మెల్లగా కాలువకు చేరుతుంది. నువ్వు భయపడేది నీళ్లకి కాదు వదినా, అన్నీ ఒకేసారి వచ్చిపడటానికి."

పలక కోసం సందులో వాళ్లమంతా కలిసి మున్సిపాలిటీకి వెళ్లి అడిగాం, పెట్టారు. కంకర మాటకు మాత్రం ఎవరూ కలిసి రాలేదు. బ్లాకుల సందుల్లో దోమలు పెరుగుతాయన్నారు. గరుకు నేల మీద ముగ్గు కుదరదన్నారు. చివరింటి పెద్దాయన, "బురద పోవాలని సిమెంటు వేయించుకున్నాం. మళ్లీ తవ్వుకుంటామంటారేంటండీ?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అనుమతి తీసుకుని ముందు మా ఇంటి ముందూ, ఎదురింటి ముందూ చేయించాం.

తవ్విన రోజుల్లో అత్తగారు కిటికీ తెరవనివ్వలేదు. ఇంటి ముందు గొయ్యి ఉందన్న మాటే ఆమెకు సరిపడలేదు. కంకర పోసి, బ్లాకులు పరిచాక, ఆమెను పట్టుకుని గేటు దాకా తెచ్చాను. ఎదురింటి అమ్మాయి బిందెతో నీళ్లు పోసింది. నీళ్లు కాస్త దూరం పాకి, బ్లాకుల సందుల్లోకి దిగిపోయాయి.

"ఇంకో బిందె పొయ్యమ్మా" అంది అత్తగారు.

పోసింది.

"ఇంకోటి."

ఎన్ని పోయించిందో నేను లెక్కపెట్టలేదు. చివరికి, "వాన బిందెలతో రాదుగా" అని లోపలికి వెళ్లిపోయింది.

నిజమైన వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆదివారం కావడంతో అందరం ఇంట్లోనే ఉన్నాం. మా ఆయన బియ్యం డబ్బా ఎత్తబోతే నేను ఆపలేదు. అత్తగారు మంచం మీద కాళ్లు ముడుచుకుని, "ఎంతదాకా వచ్చింది?" అని అడుగుతూనే ఉంది. నేను అరుగు మీద నిలబడి చెబుతూనే ఉన్నాను. మలుపు దగ్గర నీళ్లు నిలిచాయి. నడిరోడ్డు మీద చీలమండలు మునిగేంత పారింది. గేటు దాకా వచ్చింది. గేటు దగ్గర బ్లాకుల మీద నీరు ఒక వేలెత్తు నిలబడి, అక్కడే ఆగింది. గడప ఎక్కలేదు. వాన తగ్గాక మా రెండిళ్ల ముందూ బ్లాకులు బయటపడ్డాయి. చివరింటి పెద్దాయన వాకిట్లో మాత్రం చీకటి పడేదాకా నీళ్లు అలాగే ఉన్నాయి. మర్నాడు ఆయనే వచ్చి, "మా ముందు కూడా తవ్వించాలంటే ఎవర్ని అడగాలండీ?" అన్నారు.

ఇప్పుడు సందులో సగానికి పైగా ఇళ్ల ముందు కంకర ఉంది. ఏటా ఎండాకాలంలో బ్లాకుల సందుల్లో పేరుకున్న మట్టి గీకి తీయాలి, లేకపోతే అవీ సిమెంటులాగే అయిపోతాయని మా ఆడపడుచు హెచ్చరించింది. తీస్తున్నాం. అత్తగారు మళ్లీ చర్చికి వెళుతోంది, ఎండ ఉన్న రోజుల్లో.

ఈ మధ్య మా వెనక సందులో గోడ నుంచి గోడకు సిమెంటు వేయబోతున్నారని తెలిసింది. ఆ సందు మాకంటే మెరక. అక్కడ పడ్డ నీళ్లు దిగేది మా మీదికే. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. మాట్లాడి వస్తానని బయలుదేరుతుంటే అత్తగారు చెప్పులు వేసుకుంది.

"మీరెందుకు అత్తయ్యా?"

"కాలవలోకి దిగింది నేనా నువ్వా? ఎలా ఉంటుందో నేను చెబితేనే వింటారు."

వెనక సందులో ఒకరింటి వసారాలో కుర్చీలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. చెబుతుంటే కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకోబోయాయి. చేత్తో అదిమి పట్టుకుని చివరిదాకా చెప్పింది. విన్నవాళ్లలో కొందరు ఒప్పుకున్నారు, కొందరు చూద్దాంలెండి అన్నారు. రోడ్డు వేసేటప్పుడు ఒక పక్క వారన మట్టి వదిలిపెట్టారు. రెండో పక్క సిమెంటు పడిపోయింది. వానాకాలం ఇంకా మొదలవలేదు.